వాయిదా తప్పింది, ఎన్‌బీడబ్ల్యూ (నాన్ బెయిలబుల్ వారెంట్) అయిందంటున్నారు. ఇప్పుడేం చేయాలి?

రాత్రిడ్యూటీ | గురువారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. చాలా టెన్షన్‌లో రాస్తున్నాను, ఎక్కడైనా తికమకగా ఉంటే అడగండి.

చుట్టాల మధ్య స్థలం దగ్గర జరిగిన ఒక గొడవ కేసులో నేను ఏ3ని, అంటే మూడో ముద్దాయిని. కేసు పెట్టి నాలుగేళ్లు దాటింది. బెయిల్ మీద ఉన్నాను. ఇన్నేళ్లలో ఒక్క వాయిదా కూడా తప్పలేదు. నైట్ డ్యూటీ చేసి నిద్ర లేకుండా నేరుగా కోర్టుకు వెళ్లిన రోజులు కూడా ఉన్నాయి.

ఇవాళ వాయిదా. తెల్లవారుజామున మూడింటికి మా పాపకు జ్వరం తలకెక్కి ఫిట్స్ వచ్చాయి. ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాం. ఆ హడావిడిలో పదకొండు దాటాక గానీ నాకు వాయిదా గుర్తు రాలేదు. ఫోన్ చార్జింగ్ అయిపోయి ఎప్పుడో ఆగిపోయింది. మా లాయరు గారు వేరే కోర్టులో సాక్షుల విచారణలో ఉన్నారట. ఆయన జూనియర్ వెళ్లేసరికే మా కేసు పిలిచేశారట. సాయంత్రం గుమస్తా ఫోన్ చేసి "నీ మీద ఎన్‌బీడబ్ల్యూ అయింది, రేపు మాట్లాడదాం" అని పెట్టేశాడు.

పాప ఇప్పుడు నిద్రపోతోంది. నాకే నిద్ర పట్టడం లేదు. ఈ రాత్రే పోలీసులు ఇంటికి వస్తారా? నాకు పూచీ నిలబడింది మా బావ. ఆయనకేమైనా అవుతుందా? ఫోన్ ఆపేసి వచ్చే వాయిదా దాకా ఎక్కడికైనా వెళ్లిపోమని ఒక స్నేహితుడు అంటున్నాడు. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.

క్రిమినల్‌సైడ్ | గురువారం, రాత్రి 10:15

ముందు ఒక్క మాట తమ్ముడూ. ఫోన్ ఆపొద్దు, ఊరు వదలొద్దు. మీ స్నేహితుడు మీ మంచి కోరే చెప్పి ఉంటాడు కానీ, ఈ పరిస్థితిలో అంతకంటే చెడ్డ సలహా లేదు. ఇరవై రెండేళ్లుగా క్రిమినల్ కేసులు చేస్తున్నాను. ఒక్క వాయిదా తప్పినందుకు బతుకు పాడైన ముద్దాయిని నేను చూడలేదు. తప్పాక భయపడి దాక్కున్నవాళ్లను మాత్రం చాలామందిని చూశాను.

ఇప్పుడు జరిగింది ఏమిటంటే, నాన్ బెయిలబుల్ వారెంట్ ఇచ్చారు. అంటే మిమ్మల్ని పట్టుకుని కోర్టు ముందు హాజరుపరచమని పోలీసులకు ఇచ్చిన ఆదేశం. అది శిక్ష కాదు, మీరు నేరం చేశారని తేల్చినట్టూ కాదు. మీ కేసు ఎక్కడుందో అక్కడే ఉంది.

"నాన్ బెయిలబుల్" అనే మాట వినగానే ఇక బెయిలే రాదని అందరూ హడలిపోతారు. ఆ మాటకు అర్థం అది కాదు. బెయిలబుల్ వారెంట్ అయితే, ఫలానా మొత్తానికి పూచీకత్తు ఇస్తే వదిలిపెట్టమని వారెంట్ మీదే రాసి ఉంటుంది, పోలీసులే తీసుకుని వదిలేయొచ్చు. నాన్ బెయిలబుల్ వారెంట్ మీద ఆ రాత ఉండదు. వదలాలా వద్దా అన్నది కోర్టు చూసుకుంటుంది, అంతే తేడా.

వారెంట్‌కు గడువు తీరిపోవడం అనేది ఉండదు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఇచ్చిన కోర్టు రద్దు చేసేదాకా, లేదా అమలు జరిగేదాకా అది బతికే ఉంటుంది. నెల రోజులు ఎవరూ రాలేదు కదా, మర్చిపోయారనుకోవడానికి లేదు.

చేయాల్సిన పని రీకాల్ పిటిషన్, అంటే వారెంట్ రద్దు చేయమని కోర్టును అడగడం. మీ కేసు 2024 జులై 1 కంటే ముందే విచారణలో ఉంది కాబట్టి పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) కిందే నడుస్తుంది, సెక్షన్ 70(2). ఆ తర్వాతి కేసులకైతే దాని బదులు వచ్చిన కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత)లో సెక్షన్ 72(2). అంకె మారింది గానీ విషయం ఒక్కటే. వచ్చే వాయిదా దాకా ఆగక్కర్లేదు. కేసును వచ్చే వాయిదాకు ముందే పిలవమని ఇంకో చిన్న పిటిషన్ జతచేసి రేపే వేయొచ్చు. మీరు స్వయంగా కోర్టు హాల్లో ఉండాలి.

పాతబెంచిక్లర్క్ | గురువారం, రాత్రి 10:40

నేను మెజిస్ట్రేటు కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యాను. బాబూ, ఈ రాత్రి పోలీసులు వస్తారా అని అడిగావు కాబట్టి, లోపల కాగితం ఎలా నడుస్తుందో చెబుతాను.

ఉదయం పదిన్నరకు కాల్ వర్క్, అంటే కేసులు పిలవడం మొదలవుతుంది. కేసు కాగితాల కట్టలు వరస ప్రకారం పేర్చి ఉంటాయి. నీ సీసీ నంబరు, అంటే కేసు నంబరు రాగానే అటెండరు తలుపు దగ్గర నిలబడి ఏ1 నుంచి పేర్లు పిలుస్తాడు. పలకకపోతే మళ్లీ పిలుస్తాడు. అప్పుడు నీ తరఫున లాయరు లేచి "పాసోవర్ అండీ" అంటే కట్ట పక్కన పెట్టి చివర్లో మళ్లీ పిలుస్తారు. "ఆబ్సెంట్ పిటిషన్ వేస్తున్నాం" అంటే కారణం చూసి ఆ రోజుకు మినహాయిస్తారు. సీఆర్‌పీసీలో అది సెక్షన్ 317, ఇప్పుడు 355. ఎవరూ లేవకపోతే కట్ట మీద రెండు లైన్లు పడతాయి: ఏ1, ఏ2 హాజరు, ఏ3 గైర్హాజరు, ప్రాతినిధ్యం లేదు, ఎన్‌బీడబ్ల్యూ ఇవ్వండి, ఫలానా తేదీకి పిలవండి. ఇది రాయడానికి అర నిమిషం కూడా పట్టదు. నీ పాప ఆసుపత్రిలో ఉందని ఆ గదిలో ఎవరికీ తెలియదు. చెప్పడానికి మనిషి లేకపోవడమే నీకు జరిగిన నష్టం.

ఆ తర్వాత వారెంటు ఫారం నింపాలి, మెజిస్ట్రేటు గారి సంతకం, కోర్టు ముద్ర పడాలి, రిజిస్టరులో ఎక్కాలి, కోర్టు కానిస్టేబులు పట్టుకెళ్లి స్టేషన్లో ఇవ్వాలి. నా రోజుల్లో దీనికి రెండు మూడు రోజులు, ఒక్కోసారి వారం పట్టేది. అలాగని ధీమాగా కూర్చోవద్దు. కొన్ని కేసుల్లో అదే రోజు సాయంత్రం వెళ్లినవీ చూశాను. నేను చెప్పేదల్లా, ఈ రాత్రి పడుకో, పొద్దున్నే కోర్టుకు వెళ్లు. స్టేషనుకు చేరకముందే రీకాల్ అయితే ఆ కాగితం కోర్టు గడప దాటదు.

రాత్రిడ్యూటీ | గురువారం, రాత్రి 11:05

మీ ఇద్దరికీ దండాలు. ఇప్పుడే మా ఆవిడకు చెప్పాను. ముందు ఏడ్చింది, తర్వాత తనే ఆసుపత్రి కాగితాలన్నీ వెతికి ఒక కవర్లో పెట్టింది. ఒక డౌట్ అండి. ఆ కాగితాల మీద పాప పేరే ఉంది, నా పేరు ఎక్కడా లేదు. నాకే ఒంట్లో బాగోలేదని ఒక సర్టిఫికెట్ తెచ్చిపెడతానని తెలిసినాయన అంటున్నాడు. అది పెడితే బలంగా ఉంటుందా?

క్రిమినల్‌సైడ్ | గురువారం, రాత్రి 11:12

వద్దు. వద్దంటే వద్దు. మీ దగ్గర నిజమైన కారణం ఉంది. తెల్లవారుజామున ఆసుపత్రిలో చేర్చుకున్న టైము వేసిన కాగితం కంటే బలమైనది ఏముంటుంది? దొంగ సర్టిఫికెట్ పెడితే, గైర్హాజరుకు తోడు కోర్టుకు అబద్ధం చెప్పిన తప్పు కూడా తగులుకుంటుంది. ఓపీ చీటీ, అడ్మిషన్ కాగితం, మందుల బిల్లు, పాప మీ కూతురేనని చూపే ఏదో ఒక గుర్తింపు కాగితం పెట్టండి. అఫిడవిట్‌లో జరిగింది జరిగినట్టు రాయించండి. ఫోన్ ఆగిపోయిన సంగతి కూడా.

ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదని రాయించడం మర్చిపోవద్దు. ఆ మాటకు సాక్ష్యం కోర్టు కట్టలోనే ఉంటుంది. ప్రతి వాయిదాకూ మీ హాజరు అందులో పడి ఉంటుంది.

పూచీ_నిలబడ్డవాడు | శుక్రవారం, ఉదయం 6:30

బావ గురించి అడిగావు కదా తమ్ముడూ, నేను ఆ బావ స్థానంలో ఉన్నవాణ్ణి. అందుకే రాస్తున్నాను.

ఆరేళ్ల కిందట నాతో పనిచేసే అతనికి పూచీ నిలబడ్డాను. నా జీతం సర్టిఫికెట్ పెట్టాను. అతను రెండు వాయిదాలు వెళ్లాడు, తర్వాత మానేశాడు. నాకు ఒక్క మాట చెప్పలేదు. నాకు తెలిసింది ఎలాగంటే, ఒక మధ్యాహ్నం ఆఫీసుకు కోర్టు నుంచి నోటీసు వచ్చింది. ముద్దాయి హాజరు కానందున బాండు జప్తు అయింది, ఆ మొత్తం ఎందుకు కట్టకూడదో కారణం చెప్పమని. మా సెక్షన్లో నలుగురి ముందు సంతకం పెట్టి తీసుకున్నాను. ఆ నోటీసు పట్టుకున్న నా చేయి వణకడం నాకే కనిపించింది. ఏ తప్పూ చేయనివాణ్ణి, ఆ రోజు తలెత్తి నడవలేకపోయాను.

తర్వాత కోర్టుకు వెళ్లి, అతను ఎక్కడున్నాడో వెతికి చెప్పి, లాయరును పెట్టుకుని, జరిమానా తగ్గించమని వేడుకున్నాను. జడ్జి గారు దయతలచి కొంత మాఫీ చేశారు. మిగతాది నా జేబులోంచే కట్టాను. అతను ఇప్పటికీ నాకు ఫోన్ చేయడు.

మీ బావకు ఇవాళే చెప్పండి. నోటీసు చూసి తెలుసుకోవడం కంటే మీ నోటితో వినడం ఆయనకు ఎంతో మేలు.

క్రిమినల్‌సైడ్ | శుక్రవారం, ఉదయం 7:10

పై సోదరుడు చెప్పింది సీఆర్‌పీసీ సెక్షన్ 446, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 491. పూచీదారు కట్టలేకపోతే, ఆస్తి మీద కూడా రాబట్టుకోలేకపోతే ఆరు నెలల దాకా సివిల్ జైలులో పెట్టే అధికారం కూడా ఆ సెక్షన్ కోర్టుకు ఇస్తోంది. అంతదాకా వెళ్లడం అరుదే గానీ, పూచీ సంతకం పెట్టేవాళ్లు తెలుసుకుని పెట్టాలి. ముద్దాయి మాట వినడం లేదనిపిస్తే, నన్ను పూచీ నుంచి తప్పించమని పూచీదారే ముందుగా కోర్టును అడగొచ్చు. అప్పుడు కోర్టు ముద్దాయిని రప్పించి వేరే పూచీ తెచ్చుకోమంటుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఒక్క వాయిదాకే, అదీ వెంటనే రీకాల్ వేసుకుంటే, సాధారణంగా పూచీదారు దాకా రాదు. ఎక్కువ కోర్టుల్లో పాత బాండునే కొనసాగిస్తారు. కొన్నిచోట్ల కొత్త పూచీ అడుగుతారు, కాబట్టి మీ బావను అందుబాటులో ఉండమనండి.

నిజంచెప్తా | శుక్రవారం, ఉదయం 8:25

అందరూ వెళ్లు వెళ్లు అంటున్నారు గానీ, వెళ్తే అక్కడికక్కడే రిమాండుకు పంపిన కేసులు నేను చూశాను. మా పెదనాన్న కొడుకు తనంతట తాను వెళ్లాడు. లాయరు "ఏం కాదు, రా" అన్నాడు. పన్నెండు రోజులు లోపల ఉన్నాడు. కాబట్టి కాస్త ఆలోచించుకుని వెళ్లండి. లాయరుతోనే పిటిషన్ వేయించి, రద్దయ్యాక మనిషి వెళ్తే సరిపోదా?

క్రిమినల్‌సైడ్ | శుక్రవారం, ఉదయం 8:50

మీ మాట కొట్టిపారేయను. అలా జరుగుతుంది. అడగనివ్వండి: మీ అన్న ఎన్నాళ్లకు వెళ్లాడు? ఎన్ని వాయిదాలు తప్పాడు?

నిజంచెప్తా | శుక్రవారం, ఉదయం 9:05

ఏడాదిన్నర తర్వాత. అంతకుముందు కూడా ఒకసారి వారెంటు రీకాల్ చేయించుకున్నాడు.

క్రిమినల్‌సైడ్ | శుక్రవారం, ఉదయం 9:20

అదండీ తేడా. రెండోసారి, అదీ ఏడాదిన్నరకు వచ్చిన మనిషిని మళ్లీ ఏ నమ్మకంతో వదలాలని జడ్జి గారు ఆలోచించడం సహజం. బెయిల్ షరతు తప్పినవాడికి, బెయిలబుల్ నేరంలో కూడా తర్వాతిసారి బెయిల్ నిరాకరించవచ్చని చట్టమే చెబుతోంది. వెళ్తే ఏమీ కాదని గ్యారంటీ ఇచ్చే లాయరును నేనూ నమ్మను. నేను చెప్పగలిగింది ఒక్కటే. మూడో రోజు వెళ్లినవాడికి ఉండే ప్రమాదం, మూడో ఏడు వెళ్లినవాడికి ఉండేదాంట్లో వందో వంతు కూడా ఉండదు.

మనిషి లేకుండా లాయరు ఒక్కడే వేస్తే కొందరు జడ్జీలు తీసుకుంటారు, చాలామంది "ముద్దాయి ఎక్కడ?" అని మొదటి ప్రశ్న వేస్తారు. వారెంటు ఇచ్చిందే మనిషి రాలేదని కదా. మనిషి ఎదురుగా నిలబడితే వారెంటుతో ఇక పనేముంటుంది?

కోర్టులు కూడా ఇష్టమొచ్చినట్టు నేరుగా ఎన్‌బీడబ్ల్యూ ఇవ్వకూడదు. 2007లో ఇందర్ మోహన్ గోస్వామి కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ముందు సమన్లు, తర్వాత బెయిలబుల్ వారెంటు, అప్పటికీ కావాలని తప్పించుకుంటున్నాడనిపిస్తేనే ఎన్‌బీడబ్ల్యూ. మనిషి స్వేచ్ఛ విలువైనదని, వారెంటును యాంత్రికంగా ఇవ్వొద్దని. 2022లో సతేందర్ కుమార్ అంటిల్ తీర్పులోనూ చాలా రకాల కేసులకు ఇదే మెట్ల వరస చెప్పారు. మీ లాయరు గారిని పిటిషన్లో ఈ మాట మర్యాదగా పెట్టమనండి. బెయిల్ బాండు రాసిచ్చి రానివాళ్ల విషయంలో కోర్టులు కాస్త కఠినంగా ఉంటాయన్నదీ నిజమే.

ఎల్పీసీ_అనుభవం | శుక్రవారం, ఉదయం 10:10

నేను "ఆలోచించుకుని వెళ్దాం" అనుకున్నవాణ్ణి. నా కథ చదవండి, దయచేసి.

నాదీ చిన్న కేసే. పని కోసం వేరే రాష్ట్రం వెళ్లాను, రెండు వాయిదాలు తప్పాయి. లాయరు ఫీజు బాకీ ఉండటంతో ఆయనకు ఫోన్ చేయడానికి మొహం చెల్లలేదు. అలా ఒక నెల, ఆరు నెలలు, మూడేళ్లు. మిగతా ముద్దాయిల మీద విచారణ ఆగకుండా నన్ను విడగొట్టి నా కేసు వేరు చేశారు. వాళ్లందరి మీదా కేసు కొట్టేశారు. నేనూ వెళ్లి ఉంటే నా మీదా పోయేదేమో. నా ఒక్కడిది ఎల్‌పీసీ రిజిస్టరులోకి వెళ్లింది. ఎన్నాళ్లకూ దొరకని ముద్దాయిల కేసులు అందులో పెడతారట.

మూడేళ్ల తర్వాత చెల్లెలి పెళ్లికని ఇంటికి వచ్చాను. పెళ్లి అయిన మర్నాడు ఉదయం ఐదున్నరకు తలుపు కొట్టారు. నేనే తీశాను. ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒకాయన చేతిలో మడత పెట్టిన కాగితం. దురుసుగా ఏమీ మాట్లాడలేదు, "చొక్కా వేసుకుని రా" అన్నారు. పందిరి ఇంకా విప్పలేదు. బంధువులంతా లేచి వరండాలో నిలబడి చూస్తుంటే జీపు ఎక్కాను. మా అమ్మ వెనకాలే చెప్పుల్లేకుండా రోడ్డు దాకా వచ్చింది.

తొమ్మిది రోజులు జైల్లో ఉన్నాను. ఆ తొమ్మిది రోజులు మర్చిపోయాను. ఆ వరండా మర్చిపోలేదు.

రాత్రిడ్యూటీ | శుక్రవారం, మధ్యాహ్నం 1:30

అన్నా, మీది చదివి కోర్టు బయట చెట్టు కింద కూర్చుండిపోయాను.

ఇవాళ వచ్చాను. బావ కూడా నాతోనే వచ్చారు. తిడతారనుకున్నాను, "పాపకెలా ఉంది" అన్నారు మొదట. పిటిషన్ వేశాం. మా మెజిస్ట్రేటు గారు సెలవులో ఉన్నారు. ఇన్‌ఛార్జి మేడం కాగితాలు చూసి, నేను హాజరైనట్టు రాసుకుని, సోమవారం రెగ్యులర్ కోర్టు ముందు పెట్టమన్నారు. అంటే శని, ఆదివారాలు వారెంటు బతికే ఉన్నట్టేనా? ఈలోపు వస్తే?

క్రిమినల్‌సైడ్ | శుక్రవారం, మధ్యాహ్నం 2:15

బతికే ఉంది. పిటిషన్ వేసినంత మాత్రాన వారెంటు ఆగదు, ఆ భ్రమలో ఉండొద్దు. కానీ హాజరైనట్టు రాసుకోవడం మీకు చాలా పెద్ద బలం. ఆ పిటిషన్ కాపీ, కోర్టు నంబరు పడిన పేజీ ఫోటో తీసి దగ్గర పెట్టుకోండి.

ఒకవేళ వస్తే వాదించొద్దు, పారిపోవద్దు. వారెంటు చూపించమని అడగొచ్చు, అది మీ హక్కు. సంతకం, ముద్ర, మీ పేరు, కేసు నంబరు చూసుకోండి. పట్టుకున్నాక ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు పెట్టాలి. రాజ్యాంగం 22వ అధికరణ చెప్పేది అదే. ఆదివారమైనా సరే, మెజిస్ట్రేటు గారి ఇంటికైనా తీసుకెళ్లాలి. అప్పుడు ఈ కాపీ, పాప కాగితాలు ఆయన చేతికివ్వండి.

అమ్మకోసం | శుక్రవారం, సాయంత్రం 5:40

ఇదే విషయం కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. మా అమ్మ వయసు 68, మోకాళ్లు పనిచేయవు. మా తమ్ముడి వ్యాపారంలో ఆమె పేరు ఉందని చెక్ బౌన్స్ కేసులో ఆమెనూ చేర్చారు. ప్రతి వాయిదాకూ ఆటోలో తీసుకెళ్లి, మెట్లెక్కించి, సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి తీసుకొస్తున్నాను. ఏదో ఒక రోజు తీసుకెళ్లలేకపోతే ఆమెకూ ఇలాగే వారెంటు ఇస్తారా? తలుచుకుంటేనే భయమేస్తోంది.

క్రిమినల్‌సైడ్ | శుక్రవారం, సాయంత్రం 6:30

అమ్మా, మీరు ఇన్నాళ్లూ ఆమెను మోసుకెళ్లారంటే, ఎవరూ మీకు ఈ దారి చెప్పలేదన్నమాట. ఆ రోజుకు మాత్రమే మినహాయింపు అడిగేది 317. మొత్తంగా స్వయంగా రానక్కర్లేదు, లాయరు వస్తే చాలు అని మొదట్లోనే అడిగే వీలు కూడా ఉంది. సెక్షన్ 205, ఇప్పుడు 228. చెక్ బౌన్స్ లాంటి కేసుల్లో ముద్దాయికి ఇబ్బంది ఎక్కువైతే ఈ వెసులుబాటు ఇవ్వొచ్చని 2001లోనే భాస్కర్ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లాయరు ప్రతిసారీ వస్తాడని, ఆమె లేనప్పుడు సాక్ష్యం తీసుకుంటే అభ్యంతరం లేదని రాసివ్వాలి. కోర్టు ఎప్పుడైనా తప్పనిసరిగా రమ్మంటే మాత్రం రావాలి. కొత్త చట్టంలో వీడియో ద్వారా హాజరైనా స్వయంగా వచ్చినట్టే లెక్క అని సెక్షన్ 355 వివరణలో రాశారు. మీ కోర్టులో ఆ ఏర్పాటు ఉందేమో కనుక్కోండి.

లాయరు ఖర్చు భారమైతే, స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం ఇచ్చిన హక్కు ఇది. 15100కు ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలోనే ఉండే న్యాయసేవా కమిటీ ఆఫీసుకు వెళ్లండి.

అమ్మకోసం | శుక్రవారం, సాయంత్రం 6:45

రెండేళ్లు! రెండేళ్లుగా మెట్లెక్కిస్తున్నాను. ఒక్కరూ చెప్పలేదు. చాలా థాంక్స్ అండి.

దూరదేశం | శనివారం, ఉదయం 11:00

మా తమ్ముడు విదేశంలో పనిచేస్తున్నాడు. కేసు ఉండగానే వెళ్లిపోయాడు. మూడు వాయిదాలు అయిపోయాయి. వాడికి అక్కడ ఏమీ తెలియడం లేదు, ఇక్కడ మా నాన్న మీద ఒత్తిడి. వాడు రాకపోతే చివరికి ఏమవుతుంది?

క్రిమినల్‌సైడ్ | శనివారం, మధ్యాహ్నం 12:20

ఇది పెద్ద విషయం, కాస్త వివరంగా చెబుతాను.

ఎన్‌బీడబ్ల్యూ అమలు కాకపోతే, మనిషి కావాలని తప్పించుకుంటున్నాడని కోర్టు నమ్మితే ప్రకటన ఇస్తుంది. బీఎన్‌ఎస్‌ఎస్ 84, పాతది 82. ఫలానా చోట, ఫలానా తేదీకి హాజరు కావాలని. కనీసం 30 రోజుల గడువు ఉండాలి. దాన్ని ఊళ్లో అందరికీ వినబడేలా చదువుతారు, ఇంటి గోడకు అంటిస్తారు, కోర్టులో పెడతారు, పేపర్లో వేయొచ్చు. ఆ తర్వాత ఆస్తి జప్తు, సెక్షన్ 85. ముద్దాయికి చెందిన ఆస్తినే జప్తు చేయాలి, మీ నాన్నగారి సొంత ఆస్తిని కాదు. పొరపాటున చేస్తే ఆయన అభ్యంతరం వేసుకోవచ్చు.

ప్రకటనకూ రాకపోతే అదే ఒక కొత్త నేరం. నేరాలకు శిక్షలు చెప్పే బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 209, మూడేళ్ల దాకా జైలు. పెద్ద నేరాల్లో ప్రకటిత నేరస్థుడిగా తేలిస్తే ఏడేళ్ల దాకా. బెయిల్ మీద ఉండి సరైన కారణం లేకుండా రాకపోయినా విడిగా నేరమే, సెక్షన్ 269, ఏడాది దాకా. అసలు కేసులో ఏమీ తేలకపోయినా ఇవి మెడకు చుట్టుకోవచ్చు.

2024 నుంచి ఇంకొకటి వచ్చింది. పాత చట్టంలో మనిషి లేకుండా సాక్ష్యం రాసిపెట్టుకునే వీలుండేది గానీ, తీర్పు దాకా వెళ్లేవారు కాదు. కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 356 ప్రకారం, ప్రకటిత నేరస్థుడు విచారణ తప్పించుకోవడానికే పరారై, దొరికే సూచన లేకపోతే, అతను లేకుండానే విచారణ జరిపి తీర్పు కూడా ఇవ్వొచ్చు. దానికి ముందు కనీసం 30 రోజుల తేడాతో రెండు వారెంట్లు, పేపరు ప్రకటన, బంధువులకు తెలపడం వంటివి జరగాలి. అభియోగాలు నమోదైన రోజు నుంచి 90 రోజులు గడవాలి. లాయరు లేకపోతే ప్రభుత్వ ఖర్చుతో పెడతారు. తీర్పు మీద అప్పీలు వేయాలంటే మాత్రం మనిషి వచ్చి నిలబడాల్సిందే. మూడేళ్లు దాటితే అప్పీలూ ఉండదు.

విదేశంలో ఉన్నవాడికి అన్నిటికంటే ముందు తగిలేది పాస్‌పోర్టు. వారెంటు ఉన్నట్టు తెలిస్తే పాస్‌పోర్టును స్వాధీనం చేసుకునే, రద్దు చేసే అధికారం 1967 పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 10(3)లో ఉంది. రెన్యువల్ దగ్గర ఆగుతుంది. లుకౌట్ సర్క్యులర్ (ఫలానా మనిషి కనబడితే ఆపమని విమానాశ్రయాలకు ఇచ్చే ఆదేశం) ఉంటే విమానాశ్రయంలో దిగగానే ఆపుతారు. మీ తమ్ముణ్ణి వీసా, టికెట్ చూసుకుని రావడానికి సిద్ధం కమ్మనండి. ఈలోపు ఇక్కడ లాయరును పెట్టి, ఫలానా తేదీకి వస్తాడు, అప్పటిదాకా వారెంటు ఆపమని కోర్టును అడిగించండి. ఒప్పుకోకపోతే హైకోర్టుకు వెళ్లొచ్చు. మీ నాన్నగారిని మాత్రం "తెలియదు" అని పోలీసులకు అబద్ధం చెప్పనివ్వకండి.

పాతబెంచిక్లర్క్ | శనివారం, సాయంత్రం 4:00

ఇంకొక విషయం, ఎవరూ పట్టించుకోనిది. రీకాల్ అయ్యాక పని అయిపోయిందని ఇంటికి వెళ్లిపోతారు. వారెంటు అప్పటికే స్టేషనుకు చేరి ఉంటే, రద్దయిన సంగతి కోర్టు స్టేషనుకు తెలపాలి, వాళ్లు వారెంటును వెనక్కి పంపాలి. ఆ కాగితం మధ్యలో ఆగిపోతే? రద్దయిన వారెంటు మీద మనిషిని అరెస్టు చేసిన ఉదంతం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రఘువంశ్ దేవన్‌చంద్ భసీన్ కేసు, 2011లో తీర్పు. ఆ బాధితుడే ఒక లాయరు! వారెంట్లకు రిజిస్టర్లు ఎలా రాయాలో, రద్దయిన వారెంటును ఎలా వెనక్కి రప్పించాలో అప్పుడే మార్గదర్శకాలు ఇచ్చారు.

అందుకే రీకాల్ ఆర్డరుకు సర్టిఫైడ్ కాపీ అప్లికేషన్ అదే రోజు పెట్టు బాబూ. ఒక కాపీ స్టేషనులో ఇచ్చి, నీ కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకో. ఒకటి ఎప్పుడూ పర్సులో ఉంచుకో.

రాత్రిడ్యూటీ | సోమవారం, సాయంత్రం 5:15

అయిపోయింది. రీకాల్ అయింది.

పదింటికే వెళ్లి మొదటి బెంచీలో కూర్చున్నాను. నా పేరు పిలవగానే "వచ్చానండీ" అన్నాను, గొంతు సరిగా రాలేదు. మెజిస్ట్రేటు గారు పిటిషన్ చదివి, పాప ఆసుపత్రి కాగితం తిప్పి టైము చూశారు. నా కట్టలో పాత పేజీలు ఒక్కొక్కటిగా తిరగేశారు. ఆ పేజీల చప్పుడు తప్ప నాకేమీ వినబడలేదు. తల ఎత్తి "పాపకు తగ్గిందా?" అన్నారు. తగ్గిందండీ అన్నాను. "ఇకమీదట ఏదైనా అయితే ముందు లాయరుకు కబురు పెట్టు" అని, వారెంటు రద్దు చేసి, పాత బాండే కొనసాగుతుందని రాశారు. బావకు ఏమీ కాలేదు.

పెద్దాయన చెప్పినట్టే కాపీ అప్లికేషన్ పెట్టాను. వారెంటు శనివారమే స్టేషనుకు వెళ్లిందట. కాపీ రేపు వస్తుంది, రాగానే స్టేషనులో ఇచ్చి సంతకం తీసుకుంటాను. ఈకోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ ఉండే ప్రత్యేక నంబరు) వేసుకున్నాను. వాయిదా తేదీ మా ఆవిడ ఫోన్లో, బావ ఫోన్లో కూడా పెట్టించాను. జూనియర్ లాయరు గారి నంబరు కూడా ముగ్గురి దగ్గరా ఉంది.

ఎల్పీసీ_అనుభవం | సోమవారం, సాయంత్రం 5:40

చదువుతుంటే కళ్లు నిండాయి తమ్ముడూ. పాపను జాగ్రత్తగా చూసుకో.

దూరదేశం | సోమవారం, రాత్రి 8:30

తమ్ముడితో మాట్లాడాను. మొదట గట్టిగా అరిచాడు. ఎల్పీసీ అన్న రాసింది మొత్తం చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వచ్చే నెల లీవు అడుగుతానన్నాడు. క్రిమినల్‌సైడ్ గారూ, తేదీ ఖాయమయ్యాక లాయరు గారికి వకాలతు ఎలా పంపాలో అడగడానికి మళ్లీ వస్తాను.

క్రిమినల్‌సైడ్ | సోమవారం, రాత్రి 9:00

రండి. టికెట్ కాపీ కూడా చేతిలో ఉంచుకోండి, పిటిషన్‌కు జత చేయాలి.